ఎర్ర చుక్కలు, నీళ్ళ క్యాన్లు

మంగళవారం, రాత్రి పది.

తెల్లవారుజామున నాలుగున్నరకు పొత్తికడుపులో మెలిపెట్టినట్టయి మెలకువ వచ్చింది. లేచి చూసుకుంటే అనుకున్నదే, నెలసరి. కిందటిసారి వచ్చి పందొమ్మిది రోజులే అయింది.

చెయ్యి దానంతటదే మందుల డబ్బాలోకి వెళ్ళింది. పదమూడేళ్ళుగా ఈ నొప్పికి వేసుకుంటున్న మాత్ర అందులో ఇంకా ఒకటిన్నర పట్టీ ఉంది. దాని జోలికి వెళ్ళవద్దని, బరువు తగ్గడానికి చేయించుకున్న సర్జరీ తర్వాత గట్టిగా చెప్పారు. పొట్ట లోపలి పొరను పుండు చేసే రకమట. పారాసిటమాల్ ఒక్కటే గతి. వేసుకున్నాను. మా నొప్పికి అది చుట్టపు చూపుగా వచ్చి పలకరించి వెళ్ళినట్టు ఉంటుంది, అంతే.

అమ్మ లేచి వాము కషాయం కాచి ఇచ్చింది. "వేడిగా ఉండగానే గటగటా తాగేయవే" అంది. ఏడు నెలలుగా చూస్తూనే ఉంది, అయినా అలవాటు పోదు. నా పొట్టలో ముప్పాతిక భాగానికి పైగా తీసేసి, అరటికాయ లాంటి గొట్టాన్ని మిగిల్చారు. గటగటా తాగే రోజులు పోయాయి. ఒక్కో గుక్క, మధ్యలో కాస్త విరామం. గ్లాసు ఖాళీ అయ్యేసరికి పాలవాడు వచ్చి వెళ్ళాడు.

ఇరవై ఒకటో ఏట పీసీఓడీ అన్నారు, హార్మోన్ల తేడాతో అండాశయాలు సరిగా పనిచేయకపోవడమట. అప్పటి నుంచి నా నెలసరికీ నెలకూ సంబంధం తెగిపోయింది. మూడు నెలలకు ఒకసారి, ఒక ఏడాది అయితే ఏడు నెలలకు. పది రోజులు హార్మోను మాత్రలు మింగి ఆపితే గానీ వచ్చేది కాదు. పెళ్ళయ్యాక అదొక పెద్ద పరీక్ష అయింది. ఆలస్యమైన ప్రతిసారీ ఆశ పుట్టేది. చెన్నై కోడంబాక్కంలో మా వీధి చివర మందుల షాపు అబ్బాయి, నేను మెట్టెక్కుతుండగానే గర్భ పరీక్ష కిట్టు ఉన్న అర వైపు తిరిగేవాడు. ఇంటికి వచ్చి చూస్తే ఎప్పుడూ ఒకే గీత.

సర్జరీ అయ్యాక ఐదో నెలలో, ఏ మాత్రా లేకుండా దానంతట అదే వచ్చింది. అమ్మకు చెబుతుంటే నా గొంతు వణికింది. అమ్మ నన్ను ఎగాదిగా చూసి, "ఇప్పుడే పెద్దమనిషివైనట్టు చెబుతున్నావు, చిమ్మిలి చేయమంటావా" అంది. నవ్వుకున్నాం. ఆ సంతోషం ఎంతో కాలం నిలవలేదు. ఆ తర్వాత ముప్పై నాలుగు రోజులకు, తర్వాత ఇరవై ఆరుకు, ఇప్పుడు పందొమ్మిదికి. వచ్చినప్పుడల్లా ఆరు రోజులు, మునుపటి కంటే ఎక్కువగా.

112 కిలోల నుంచి 81కి దిగాను. ఈ ముప్పై ఒక్క కిలోల సంగతి అందరికీ కావాలి. ఏం తింటున్నావు, జాకెట్లు బిగించుకున్నావా, జుట్టు ఊడుతోందా అని అడుగుతారు. (ఊడుతోంది.) ఈ సంగతి మాత్రం ఎవరూ అడగరు. నేనూ చెప్పను.

ఆఫీసుకు ఎనిమిదిన్నర ఎలక్ట్రిక్ రైలు. గిండీ మూడో స్టేషనే అయినా, ఇవాళ ఆ కాసేపు నిలబడటం కష్టమైంది. లావుగా ఉన్న రోజుల్లో ఆడవాళ్ళ పెట్టెలో ఎవరో ఒక పెద్దావిడ నా పొట్ట చూసి, కడుపుతో ఉన్నానని లేచి చోటు ఇచ్చేది. మొదట్లో సిగ్గుతో చచ్చిపోయేదాన్ని, తర్వాత తర్వాత మాట్లాడకుండా కూర్చునేదాన్ని. ఇవాళ నిజంగా కూర్చోవలసిన రోజు. ఒక్కరూ లేవలేదు.

సాయంత్రం ఆయనతో కలిసి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ తమిళంలో చెప్పింది, నాకు అర్థమైనట్టు ఇక్కడ రాసుకుంటున్నాను. కొవ్వు ఊరికే పడి ఉండేది కాదట. ఈస్ట్రోజెన్‌ను తయారు చేస్తుంది, గోదాములా దాచుకుంటుంది కూడా. ఇంత వేగంగా కరిగితే దాచుకున్నది రక్తంలోకి వచ్చి పడుతుంది. ఇంకోపక్క ఇన్సులిన్ తగ్గడంతో అండాశయాలు ఇప్పుడిప్పుడే దారిన పడుతున్నాయి. అందుకే మొదటి ఏడాది ఇలా హెచ్చుతగ్గులు ఉండవచ్చు. "అలాగని ప్రతిదాన్నీ సర్జరీ ఖాతాలో రాసేయకు" అని థైరాయిడ్ పరీక్షకూ స్కానింగుకూ చీటీ రాసింది. గంటకో ప్యాడ్ మార్చవలసి వస్తే వెంటనే రమ్మంది.

హిమోగ్లోబిన్ 10.1 ఉంది. పన్నెండైనా ఉండాలట. పోయేది ఎక్కువైంది, పొట్టలో ఆమ్లం తగ్గి ఐరన్ ఒంటబట్టడమూ తగ్గింది. ఐరన్ మాత్ర రాత్రి నిమ్మరసంతో వేసుకోవాలి, కాల్షియం మధ్యాహ్నం. రెండూ కలిపి వేసుకుంటే ఒకదాన్ని ఇంకొకటి అడ్డుకుంటుంది. ఐరన్‌కు దగ్గరగా టీ కూడా వద్దు. ఇవి నేను పాటించగలను. లెక్కలు రాసే ఉద్యోగం నాది.

ఆ తర్వాత ఆవిడ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి, "ఇప్పుడు అండం విడుదలవుతోంది, జాగ్రత్తగా ఉండండి. సర్జరీ అయిన దగ్గర నుంచి పన్నెండు, పద్దెనిమిది నెలల దాకా గర్భం వద్దు. నీ ఒంట్లో బిడ్డకు ఇవ్వడానికి ఇంకా నిల్వలు లేవు" అంది.

నాకు నవ్వు వచ్చేసింది. ఆపుకోలేకపోయాను. ఎనిమిదేళ్ళు మొక్కని దేవుడు లేడు, మింగని మాత్ర లేదు. ఇప్పుడు రాకుండా చూసుకోవాలట. ఆయన గోడ మీది గర్భాశయం బొమ్మను తెగ శ్రద్ధగా చూస్తూ కూర్చున్నారు, చెవులు ఎర్రబడ్డాయి. కాపర్ టీ అయితే రక్తస్రావం ఇంకా పెరుగుతుందని, అలాగే గర్భాశయంలో పెట్టే హార్మోను లూప్ అయితే తగ్గుతుందని డాక్టరమ్మ చెప్పింది. ఆలోచించుకుని వస్తామన్నాం.

నెల్లూరు నుంచి అత్తయ్యగారు ప్రతి ఆదివారం ఫోను చేసి "విశేషం ఏమైనా ఉందా?" అని అడుగుతారు. సన్నబడ్డాక ఆ అడగడంలో ధీమా పెరిగింది. "డాక్టరే వద్దంది అత్తయ్యా" అంటే నమ్ముతారా? ఈ ఆదివారం ఫోను ఆయన్నే ఎత్తమన్నాను.

నెలసరి రోజులు గుర్తుండటానికి వంటింట్లో తెలుగు కేలండర్ మీద రోజుకో ఎర్ర చుక్క పెడుతున్నాను. ఆ కేలండర్ మీదే నీళ్ళ క్యాన్ వచ్చిన రోజున ఆయన గీత గీస్తారు. ఆయన దగ్గరా ఎర్ర పెన్నే. కిందటి నెలాఖరున క్యాన్ల అబ్బాయికి లెక్క చూస్తూ, గీతలూ చుక్కలూ కలిపి పదిహేను అన్నారు. ఆ అబ్బాయి తొమ్మిదే అంటాడు. ఈయన వినరు, పదిహేనుకు డబ్బు ఇస్తానంటారు. ఎక్కువ తీసుకోనని వాడు, సరిగ్గా తీసుకోమని ఈయన. గుమ్మంలో పది నిమిషాలు. నేను వంటింట్లోంచి ఏమని అరిచి చెప్పను?

ఆ రాత్రే ఆయనకు నీలం పెన్ను కొనిచ్చాను.

ఇందాక నిమ్మరసంతో ఐరన్ మాత్ర వేసుకుని, ఈ రోజు గడిలో చుక్క పెట్టాను. పక్కనే నీలం గీత ఉంది. రేపటికి ఇంకో క్యాన్ చెప్పాలి.