1-0 అంటే ఎవరు గెలిచినట్టు?

పదకొండున్నర అయింది. అత్తమ్మ దగ్గు కూడా ఆగింది. నాకే నిద్ర పట్టట్లేదు. సాయంత్రం వాట్సాప్‌లో వచ్చిన ఒక్క ముక్క చెవిలో దోమలా తిరుగుతోంది: "పిల్ల ఇంకా ఇక్కడే ఆడాలి కదా మేడమ్."

రెండు రోజుల చెస్ పోటీ ఇవాళ అయిపోయింది. మన నల్లగొండలోనే, క్లాక్ టవర్ దగ్గర ఆటో ఎక్కితే పది నిమిషాలు. మా చిన్నది ఆరు ఆటల్లో నాలుగు గెలిచింది, వచ్చేటప్పుడు పాలకోవా కొనిపించుకుంది. సంతోషం సంగతి అంతే. ఆ నాలుగు కాగితం మీద మూడే అయ్యాయి, అదీ నా బాధ.

నాలుగో రౌండులో దానివి నల్లపావులు. మేట్ చేసి గెలిచింది. ఎత్తులు రాసుకునే స్కోర్ షీట్ మీద ఫలితం 1-0 అని రాసింది. నాకు ఒకటి, వాడికి సున్నా అని దాని లెక్క. ముందు రాసేది తెల్లపావుల వాళ్లదని ఎనిమిదేళ్ల బుర్రకు తట్టలేదు. అవతలి పిల్లాడు ఇంకా చిన్నవాడు, దీన్ని చూసి వాడూ అదే రాశాడు. ఇద్దరూ సంతకాలు పెట్టేశారు. పాయింటు వాడికి పోయింది.

అడిగితే ఆర్బిటర్, అంటే పోటీలో తీర్పు చెప్పే ఆయన, "సంతకం ఉంది మేడమ్" అన్నారు. నిజమే, ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడే నియమాల్లో 8.7 అదే చెప్తుంది. సంతకం పెట్టాక ఫలితం తప్పైనా నిలుస్తుంది. కానీ ఆ వాక్యానికి తోక ఉంది: ఆర్బిటర్ వేరేగా నిర్ణయిస్తే తప్ప. ఫోన్లో తీసి ఆ తోక చూపించాను. ఎత్తులన్నీ షీట్ మీదే ఉన్నాయి కదా, చూడండి అన్నాను. "తరవాతి రౌండుకు ఎవరితో ఎవరో పెయిరింగ్స్ పెట్టేశాం" అన్నారాయన.

అప్పుడు ఆ పిల్లాడు "అక్కనే గెలిచింది సార్" అన్నాడు. వాళ్లమ్మ భుజం పట్టి పక్కకు గుంజింది.

సాయంత్రం తల్లిదండ్రుల గ్రూపులో జరిగింది జరిగినట్టు రాశాను, ఎవరినీ తిట్టలేదు. కాసేపు చడీచప్పుడు లేదు. ఆ తరవాత వరసగా "చక్కటి ఏర్పాట్లు", దండాలు, పువ్వులు. పువ్వులు పెట్టినవాళ్లలోనే ఇద్దరు నాకు విడిగా "మీరు అడిగింది కరెక్ట్" అని పంపారు. ఆ కరెక్టును నేనేం చేసుకోను? ఒక పెద్దమనిషయితే, గుకేశ్ ప్రపంచ చాంపియన్ అయ్యాడు, 2024లో బుడాపెస్ట్ చెస్ ఒలింపియాడ్‌లో మన రెండు జట్లకూ బంగారం వచ్చింది, మన వరంగల్ అర్జున్ 2800 రేటింగ్ తాకాడు, ఇప్పుడీ చిన్న విషయాలెందుకమ్మా అన్నారు. ఒక్క పాయింటేగా అని వదిలేస్తూ పోతే ఆ అర్జున్‌కు 2800 వచ్చేదా?

"ఇక్కడే ఆడాలి కదా" అనేది కొత్త భయం కాదు. మీ అనుమతి లేని పోటీల్లో ఆడం అని అఖిల భారత చదరంగ సమాఖ్య ఆటగాళ్లతో రాయించుకునేది. కొందరు ఆటగాళ్లు ఎదురుతిరిగి కాంపిటీషన్ కమిషన్ దాకా పోతే, 2018లో సమాఖ్యకు 6.92 లక్షల జరిమానా పడింది. వాళ్లకూ ఎవరో ఒకరు చెప్పే ఉంటారు, ఇక్కడే ఆడాలి కదా అని.

నాయిన ఉంటే ఏమనేవాడో. సాగర్ హిల్ కాలనీ క్వార్టర్‌లో ఆయనకో పాత లెక్కల పుస్తకం ఉండేది. మొదటి పేజీలో 1988లో ఆనంద్ గ్రాండ్‌మాస్టర్ అయినప్పటి పేపర్ కటింగు, లోపలంతా ఆయన ఆటలు. తన తప్పు ఎత్తుల పక్కన తనే ఎర్ర పెన్నుతో ప్రశ్నార్థకం పెట్టేవాడు. మరీ ఘోరమైతే రెండు. ఓడిన రోజు అన్నం తిన్నాక కూచుని ఆట మొత్తం మళ్లీ వేసేవాడు, నేను పక్కన పావులు అందించేదాన్ని. ఒకరోజు ఆయన గెలిచిన ఆటలో, ఏనుగు ఊరికే పోయే ఎత్తు ఒకటి నాకు కనబడింది. అవతల ఆడిన పక్కింటాయన చూసుకోలేదు కాబట్టి నాయిన బతికిపోయాడు. ఎర్ర పెన్ను తీసుకుని నేనే ప్రశ్నార్థకం పెట్టాను. చూసి "గెలిచినదాని మీద ప్రశ్నేందే?" అన్నాడు. రెండు రోజులు మాట్లాడలేదు.

ఇదేంటి, నాయిన గొప్పోడని చెప్పుకుందామని మొదలుపెట్టి ఇక్కడ తేలాను. ఆయనా ఆ పెద్దమనిషి మాటే అన్నాడు కదా. కాకపోతే నేను పెట్టిన ఆ గుర్తును కొట్టేయలేదు.

ఆర్బిటర్ కూడా పొద్దున్నుంచి నిలబడే ఉన్నారు, మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూత తీసి మళ్లీ పెట్టేయడం చూశాను. 1-0 అంటే ఏంటో చిన్నదానికి చెప్పనిది నేను. పోటీకి వారం ముందు దానికి కొత్త గౌను కొన్నాను గానీ ఇది చెప్పలేదు.

ఆ పోస్టు తీసేద్దామని ఫోన్ తెరిచాను. చూస్తే, పిల్లాణ్ణి గుంజిన వాళ్లమ్మ దగ్గర్నుంచి మెసేజ్. "మావాడు ఇంకా అడుగుతుండు అక్కా, పాయింటు వాపస్ ఇచ్చిన్రా అని."

పోస్టు తీయలేదు. ఆమెకేం రాయాలో ఇంకా తోచలేదు.