వీసా మీద ఉన్నా ఓటుంది

"మాకు ఓటు లేదండీ, వీసా మీద ఉన్నాం." బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్‌లో కౌన్సిల్ (నగరపాలక మండలి) ఎన్నికల ప్రచారానికి తలుపు తట్టినవాళ్లకు మనవాళ్లు చాలామంది చెప్పే జవాబు ఇదే. "భారత్ కామన్వెల్త్ దేశం, మీరు కామన్వెల్త్ పౌరులు కదా, ఓటు ఉంది. టాక్స్ కడుతూ ఓటెందుకు వదులుకుంటున్నారు?" అని వాళ్లు అడిగితే మనసు చివుక్కుమంటుంది. అడిగింది న్యాయమే. 2024లో ఇక్కడ కౌన్సిల్ టాక్స్, అంటే కౌన్సిల్ వసూలు చేసే ఇంటి పన్ను, 9.99 శాతం, మరుసటి ఏడాది 7.49 శాతం పెరిగింది. 2025 మార్చిలో చెత్త తీసే కార్మికుల పూర్తిస్థాయి సమ్మె మొదలయ్యాక చెత్త సంచులు వీధుల్లో గుట్టలు పడ్డాయి.

అయినా తప్పంతా మనదే అనలేం. మన ఊళ్లో ఓటర్ల జాబితా చూసే బీఎల్‌ఓ ఇంటికొస్తాడు, స్లిప్పు చేతికందుతుంది, పోలింగ్ రోజు సెలవు. ఇక్కడ పోలింగ్ గురువారం, సెలవు లేదు. టాక్స్ కడుతున్నారు కదా అని పేరు ఓటర్ల జాబితాకెక్కదు. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఎవరి ఫారం వాళ్లే నింపాలి. నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు (ఇక్కడ ఉద్యోగం చేసేవాళ్లకు ఇచ్చే ప్రభుత్వ నంబరు) దగ్గర పెట్టుకుంటే ఐదు నిమిషాల పని. గడువు పోలింగ్‌కి 12 పనిదినాల ముందు అర్ధరాత్రి. ఇల్లు మారితే మళ్లీ నింపాలి. స్టూడెంట్ వీసా, డిపెండెంట్ వీసా వాళ్లకూ పద్దెనిమిదేళ్లు నిండితే ఓటుంది.

మనవాళ్లకు చిక్కు వచ్చేది పేరు దగ్గర. పోలింగ్ కేంద్రంలో ఓటేయడానికి 2023 మే నుంచి ఫొటో గుర్తింపు తప్పనిసరి. భారత పాస్‌పోర్టు చెల్లుతుంది. గడువు దాటినా ఫొటోలో మనిషి పోలిక తెలిస్తే చాలు. ఆధార్, ఆఫీసు కార్డు, ఫోన్‌లో తీసుకున్న ఫొటో చెల్లవు. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకరికి సర్‌నేమ్ గడిలో ఉంటుంది, ఇంకొకరికి అసలు పేరుతోనే కలిసిపోయి ఉంటుంది. ఆఫీసులో పిలిచే పొట్టిపేరు ఓటరు ఫారంలో రాస్తే పోలింగ్ కేంద్రంలో బల్ల దగ్గర ఇబ్బంది. పాస్‌పోర్టులో అక్షరం అక్షరం ఎలా ఉందో అలాగే రాయండి. పెళ్లయ్యాక పేరు మారితే మ్యారేజ్ సర్టిఫికెట్ వెంట ఉంచుకోండి.

లోపల క్లర్కు జాబితాలో పేరు వెతికి, స్కేలు పెట్టి గీత గీసి బ్యాలెట్ ఇస్తారు. బూత్‌లో దారానికి కట్టిన పొట్టి పెన్సిలు ఉంటుంది. వేలికి సిరా పెట్టరు. చూపుడువేలి మీద వారాల తరబడి ఆ నల్లగీత చూసుకున్నవాళ్లకు ఇది వెలితే. పెన్సిలు మీద నమ్మకం లేకపోతే సొంత పెన్ను వాడుకోవచ్చు, ఎవరూ అడ్డుచెప్పరు. పేరు పక్కన ఇంటూ గుర్తు పెట్టాలి. కొన్ని వార్డుల్లో రెండు సీట్లుంటాయి, అక్కడ రెండు గుర్తులు పెట్టొచ్చు. మూడోది పెడితే ఓటు చెల్లదు. ఎన్ని పెట్టాలో కాగితం పైనే ఉంటుంది, చదివాకే పెన్సిలు పట్టండి.

పోస్టులో ఓటు పంపేవాళ్లు పొరబడే గడి ఒకటుంది: పుట్టిన తేదీ అడిగితే ఆ రోజు తేదీ వేసేస్తారు. దరఖాస్తులో తెలుగులో సంతకం చేసి ఉంటే ఓటుతో పంపే ఫారంలోనూ తెలుగులోనే చేయాలి.

పోలింగ్ ఉదయం 7 నుంచి రాత్రి 10 దాకా. షిఫ్టు ముగించుకుని పదింటిలోపు వరసలో నిలబడగలిగితే చాలు, టైము దాటినా ఓటు వేయనిస్తారు.