గుత్తి కోట నీళ్లు, కువైట్ అంగడి దినార్లు

అనంతపురం జిల్లా గుత్తి కోట 1776లో హైదర్ అలీ చేతికి చిక్కింది. గోడలు కూలి కాదు. కొండ మీద నీళ్లు అడుగంటి, మురారిరావు ఘోర్పడే దిగిరాక తప్పలేదు. కువైట్‌లో కడప, రాజంపేట, రాయచోటి వాళ్లు పెట్టే చిన్న మెస్సులు, బకాలాలు (కిరాణా అంగళ్లు) మూతపడేదీ ఇట్లాగే. ఎదురంగడివాడు కొట్టినందుకు కాదు, గల్లాపెట్టె ఎండిపోయినందుకు.

ఆ నీళ్లు ఎక్కడ కారతాయో చూడండి. రోజుకు 100 దినార్ల అమ్మకం, అందులో సగం ఖాతా అనుకుందాం. కొనేవాళ్లకు జీతాలు నెలాఖరుకు. అంటే జీతం పడే ముందురోజుకు 1,500 దినార్లు నోటుపుస్తకంలో ఉంటాయి, పెట్టెలో ఉండవు. అదే వారం బాడుగ, సరుకు బిల్లు, ఒక పనివాడి అకామా (నివాస అనుమతి) రెన్యువల్ వచ్చి పడితే లాభంలో ఉన్న అంగడి కూడా నిలవదు. పైగా రంజాన్ నెలలో మెస్సుకు పగటి వ్యాపారం ఉండదు. ఆ నెల ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతుంది కాబట్టి పోయినేటి లెక్క ఈ ఏడు పనికిరాదు. మూడు నెలల బాడుగ, జీతాలు విడిగా పెట్టుకున్నాకే షట్టరు ఎత్తాలి. ఖాతా మనిషికి 10 దినార్లు దాటనీయొద్దు. మన ఊరివాడైతే ఇంకా గట్టిగా ఉండాలి, మునిగేది అక్కడే.

రెండో తప్పు ధరల మీద ఎదురుదాడి. 400 ఫిల్సుకు (ఫిల్సు అంటే దినారులో వెయ్యో వంతు) కొని 500కు అమ్మే సరుకును 450కి దించితే మిగిలేది సగం. పాత లాభం రావాలంటే అమ్మకం రెట్టింపు కావాలి. పెద్ద సూపర్‌మార్కెట్ అదే సరుకును 370కి తెచ్చుకుంటే, 450కి అమ్మినా వాడికి 80 ఫిల్సులు మిగులుతాయి. ఆ యుద్ధం మొదలుకాకముందే ముగిసింది.

నేల ఎంచుకోవడమే అసలు పని. గండికోటకు పెన్నా లోయ ఎంత కాపో, మెస్సుకు రాగిసంగటి, ఎర్రకారం అంత కాపు. సూపర్‌మార్కెట్ వేడి సంగటి ముద్ద చేసి రాత్రి ఎనిమిదికి గది తలుపు దగ్గరికి తెచ్చివ్వదు. సంఖ్యాబలం సంగతికొస్తే, ఇంగ్లీషు ఇంజనీరు లాంచెస్టర్ 1916లో అచ్చువేసిన లెక్క ఒకటుంది: ఆయుధాలు సమానమైతే బలాన్ని వర్గం చేసి చూడాలి. ఐదుగురు ముగ్గురితో తలపడితే 25లోంచి 9 పోగా 16, అంటే నలుగురు మిగులుతారు. బేరం తుపాకుల పోరు కాదు, అంకెలు అట్లే దిగవు. సూచన మాత్రం పనికొస్తుంది: ఇద్దరు కుర్రాళ్లను కువైట్‌లోని ఫర్వానియా ప్రాంతమంతా తిప్పకుండా, నలభై గదుల బిల్డింగు ఒక్కటి చేజిక్కించుకున్నాక పక్కదానికి పోవాలి. ఏ బిల్డింగో తేల్చేముందు వేగు చూడాలి. గురువారం రాత్రి, శుక్రవారం వచ్చేపోయేవాళ్లను లెక్కపెట్టండి, జీతాల వారంలో ఒకసారి, నెల చివర మరోసారి. మొదటి లెక్క ఒక్కటే నమ్మినవాడు మోసపోతాడు.

ఖాదిం వీసా మనిషిని చవగ్గా దొరికాడని వంటలో పెట్టుకోవద్దు. ఇంటిపని వీసా మీద అంగట్లో దొరికితే అతన్ని ఇండియాకు పంపేస్తారు, అంగడి లైసెన్సు ఉన్న కఫీల్ (పూచీపడ్డ స్థానికుడు) మెడకూ చుట్టుకుంటుంది.

వెనక్కి తగ్గే గీత మొదటిరోజే రాసిపెట్టుకోవాలి: దాచిన మూడు నెలల డబ్బులో రెండు నెలలది కరిగితే మూసేయడమే. ముందు పనివాళ్ల జీతాలు, వీసా మార్పిడి. తర్వాత సరుకువాళ్ల బాకీ. ఫ్రీజరు, పొయ్యిలు అమ్మేది ఆఖర్న.