ఏది ముందు, ఏది తర్వాత: లగ్జరీ కాంప్లెక్స్‌లో ఒక రోజు

నేల అంతస్తులో బ్రాండ్ షోరూములు, వాటి మీద రెస్టారెంట్లు, ఆపైన ఆఫీసులు, ఇంకా పైన హోటలూ అపార్ట్‌మెంట్లూ, వీళ్లందరికీ కలిపి భూమి లోపల మూడు నాలుగు అంతస్తుల పార్కింగు. నగరం నడిబొడ్డున ఇలా కట్టిన కాంప్లెక్సుకి చాలామంది సాయంత్రం అయిదింటికి బయలుదేరతారు. కాసేపు షాపింగ్ చేసి, అక్కడే భోంచేసి వచ్చేయొచ్చని లెక్క. ఖరీదైన వస్తువు కొనడానికి అంత చెడ్డ వేళ మరొకటి లేదు. ఇలాంటి చోట డబ్బు వృథా కావడానికి మొదటి కారణం వరస తప్పడమే. బ్యాగు ఏ వెలుతురులో చూశారు, బూట్లు ఏ పూట తొడిగారు, సెంటు ఎప్పుడు కొట్టుకున్నారు అన్నవి ధర కన్నా ముందు తేల్చుకోవాల్సిన సంగతులు.

ముందు కారు సంగతి. ఈ భవనాల్లో పార్కింగు లెక్క ఒక నమ్మకం మీద వేస్తారు: పగలంతా ఆఫీసు కార్లు ఉంటాయి, అవి వెళ్లాక అవే చోట్లలోకి భోజనాలకు వచ్చేవాళ్ల కార్లు వస్తాయి. కాగితం మీద బాగానే ఉంటుంది. పనిరోజుల్లో సాయంత్రం అయిదున్నర నుంచి ఏడు దాకా మాత్రం మొదటి గుంపు బయటికి పోకముందే రెండో గుంపు లోపలికి దూరుతుంది. ఏడింటికి టేబుల్ బుక్ చేసుకుని పావు తక్కువ ఏడుకి గేటు దగ్గరికి చేరితే ర్యాంపు మీదే పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. ఉదయం షోరూములు తెరిచే వేళకి చేరండి. కారు ఆపిన చోట స్తంభం మీద ఉన్న అంకె ఫొటో తీసుకోండి. లిఫ్టులు కూడా చూసి ఎక్కాలి. షాపులవి వేరు, ఆఫీసులవి వేరు, అపార్ట్‌మెంట్ల లిఫ్టు కార్డు లేనిదే కదలదు. హోటల్లోని రెస్టారెంటుకి వెళ్లాలంటే చాలాచోట్ల ముందు హోటల్ లాబీకి ఎక్కి, అక్కడ ఇంకో లిఫ్టు మారాలి. టేబుల్ బుక్ చేసేటప్పుడే "పార్కింగ్ నుంచి ఏ లిఫ్టు ఎక్కాలి?" అని అడిగేస్తే ఆ తిరుగుడు తప్పుతుంది.

పొద్దున చేయాల్సిన మొదటి పని రంగు చూసి కొనేవన్నీ చూడటం. షోరూముల్లో 2700 నుంచి 3000 కెల్విన్ల (వెలుతురు రంగుకి కొలత) పసుపు వెలుతురు పెట్టడం మామూలు. అందులో తోలు వెచ్చగా, బంగారం నిండుగా కనిపిస్తుంది. ముదురు నీలానికీ నలుపుకీ తేడా దాదాపు మాయమైపోతుంది. ఒక దీపం కింద అచ్చంగా ఒకే రంగులా ఉన్న బ్యాగూ బెల్టూ ఎండలోకి వచ్చేసరికి రెండు రంగులవుతాయి, వాటికి వాడిన అద్దకాలు వేరు కాబట్టి. వస్తువుని గుమ్మం దగ్గరికో అద్దాల గోడ దగ్గరికో తీసుకెళ్లి చూపించమనండి. మంచి సేల్స్‌మన్ మీరు అడక్కముందే తీసుకెళ్తారు. ఫోన్ టార్చి దీనికి పనికిరాదు. దాని తెలుపులో నీలం పాలు ఎక్కువ, అది ఇంకో రకంగా మోసం చేస్తుంది.

బ్యాగు చేతిలోకి తీసుకోగానే అందరూ లోగో చూస్తారు. మీరు అంచులు చూడండి. తోలు కోసిన చోట అంచుకి రంగు పూత పలచగా, పొర మీద పొరగా వేసి, ప్రతి పొరా ఆరాక నునుపు చేయాలి. ఓపిక లేనివాళ్లు ఒకేసారి దళసరిగా పూసేస్తారు. అది కొత్తలో అద్దంలా మెరుస్తుంది గానీ, వంగే చోట, ముఖ్యంగా పిడి మొదట్లో, మొట్టమొదట పగిలేది ఆ పూతే. వేలి కొసతో అంచు వెంబడి నెమ్మదిగా రాసి చూస్తే బుడిపెలు తగులుతాయి. తర్వాత పిడి బ్యాగుకి అతికే చోటు. బరువంతా మోసేది అదే కనక అక్కడ కుట్టు దగ్గరదగ్గరగా, సమంగా, దారం చివర్లు బయటికి రాకుండా ఉండాలి. తోలు మీద రంధ్రాలు ఒక్కో చోట ఒక్కో తీరుగా కనిపిస్తే అది పై పొర చెక్కని ఫుల్ గ్రెయిన్ అయ్యే అవకాశం ఎక్కువ. అచ్చు గుద్దినట్టు అన్నీ ఒకేలా ఉంటే పై పొరని రాపిడి పెట్టి, మీద డిజైను ఒత్తారన్నమాట. నునుపైన తోలు మీద గోరు గీత కూడా నిలిచిపోతుంది. రోజూ మోసే బ్యాగయితే గింజ కట్టినట్టుండే తోలే మేలు. జిప్పు పదిసార్లు తీసి వేయండి, మూల తిరిగే చోట పట్టేస్తుందేమో చూడండి. ఆఖరుగా లోపలి కాగితపు ఉండలు తీసేయమని, మీ ఫోనూ, పర్సూ, నీళ్ల సీసా వేసుకుని షాపులోనే పది నిమిషాలు తిరగండి. ఖాళీగా ముద్దొచ్చిన బ్యాగు నిండాక భుజాన్ని కోస్తుందో లేదో తెలియడానికి ఇంతకన్నా దగ్గర దారి లేదు.

సూటు, ప్యాంటు, నడుము దగ్గర బిగుతుగా ఉండే డ్రెస్సు ఏదైనా మధ్యాహ్న భోజనానికి ముందే. భోజనం తర్వాత కొలిచిన నడుము మర్నాటికి వదులు. కోటులో ముందు చూడాల్సింది భుజం. చేతుల పొడవు, నడుము, ప్యాంటు అంచు దర్జీ సరిచేయగలడు. భుజం సరిచేయడమంటే కోటు సగం విప్పి మళ్లీ కట్టడమే. చేతి చివర బొత్తాలు నిజంగా తీసి పెట్టుకునేవైతే అక్కణ్ణుంచి పొడవు తగ్గించడమూ కష్టమే, కాజాలు అప్పటికే కోసేసి ఉంటాయి కదా. అడుగు బొత్తాం కింద బట్టని లోపలా బయటా రెండు వేళ్లతో పట్టి లాగి చూడండి. రెండు పొరల మధ్య మూడోది విడిగా జారుతూ తగిలితే లోపల కాన్వాస్, అంటే కోటు ఆకారాన్ని నిలబెట్టే బట్ట, విడిగా కుట్టి ఉంది. తగలకపోతే జిగురుతో అతికించినది. అది వేడికీ డ్రై క్లీనింగ్‌కీ కొన్నాళ్లకి పొక్కొచ్చు. బట్ట మీద రాసే సూపర్ సంఖ్య చూసి మోజుపడకండి. అది ఉన్ని పోగు ఎంత సన్ననో చెప్పే కొలత మాత్రమే. సూపర్ 100 అంటే 18.75 మైక్రాన్లు. అక్కణ్ణుంచి సంఖ్య 10 పెరిగినప్పుడల్లా అర మైక్రాను తగ్గుతుంది. సూపర్ 150కి వచ్చేసరికి 16.25. ఆ బట్ట వెన్నలా జారుతుంది, అంత తొందరగానూ నలుగుతుంది, కుర్చీకి రాసుకునే చోట అరుగుతుంది. వారానికి రెండుసార్లు వేసుకునే సూటుకి 110, 120 చాలు.

మధ్యాహ్నం భోజనానికి ఒక మాట. రాత్రి పెద్ద మెనూ పెట్టే రెస్టారెంట్లు చాలావరకు మధ్యాహ్నం రెండు మూడు వంటకాల చిన్న మెనూ తక్కువ ధరకి పెడతాయి. వంటగది అదే, వండే చేతులూ చాలావరకు అవే. ఏదైనా రెస్టారెంటు రాత్రి ఖర్చుకి తగునో లేదో తేల్చుకోవడానికి ఇదే దారి. పైనున్న ఆఫీసులు పన్నెండున్నర నుంచి రెండింటి మధ్య దిగుతాయి కాబట్టి పన్నెండింటికే కూర్చోవడం మంచిది.

బూట్లు నాలుగింటి తర్వాత. రోజంతా నడిచాక పాదం కాస్త ఉబ్బుతుంది. పొద్దున సరిపోయిన బూటు సాయంత్రం కరుస్తుంది. రెండు పాదాలూ ఒకే కొలత ఉండవు, పెద్దదానికి సరిపోయేది తీసుకోవాలి. నిలబడితే బొటనవేలి ముందు ఒక వేలి వెడల్పు ఖాళీ ఉండాలి. తోలు అడ్డంగా సాగుతుంది గానీ పొడవుకి సాగదు. అందుకే "వాడుతుంటే సరిపోతుంది" అన్న మాట వెడల్పు విషయంలోనే నిజం. అడుగు భాగం వెల్ట్‌కి, అంటే బూటు అంచు చుట్టూ ఉండే పట్టీకి, కుట్టిందా, జిగురుతో అతికించిందా అని అడగండి. గుడ్‌ఇయర్ వెల్ట్ అయితే అడుగు అరిగాక విప్పి కొత్తది వేయించుకోవచ్చు. జిగురుదైతే చాలాసార్లు అదే దాని ఆయుష్షు.

గడియారాలూ నగలూ చూసేటప్పుడు తొందర ఉండకూడదు, కడుపులో వైన్ కూడా ఉండకూడదు. గడియారం మీద 30 మీటర్లని ఉంటే 30 మీటర్ల లోతు మునగొచ్చని కాదు, చేతులు కడిగేటప్పుడు తుంపర పడినా ఫరవాలేదని. ఈత కొట్టాలంటే 100 మీటర్లది, వీలైతే పక్కనుండే క్రౌన్ (కీ తిప్పే బొత్తాం) మరలా బిగించేది చూడాలి. ఎంత కచ్చితంగా నడుస్తుందో తేల్చే స్విట్జర్లాండ్ క్రోనోమీటర్ పరీక్ష నెగ్గిన మెకానికల్ గడియారం కూడా సగటున రోజుకి 4 సెకన్లు వెనక్కో 6 సెకన్లు ముందుకో నడవొచ్చు, దాన్ని లోపమనుకోకండి. చేతికి సరిపెట్టడానికి తీసేసిన గొలుసు లింకులు అడిగి తెచ్చుకోండి. వారంటీ కార్డు మీద తేదీ, గడియారం వెనకున్న సీరియల్ నంబరు సరిచూసుకోండి. ఒక జాగ్రత్త మటుకు ఎవరూ చెప్పరు: పొద్దున కొన్న బ్యాగుకి అయస్కాంతపు బిళ్ల ఉంటే సాయంత్రం కొన్న మెకానికల్ గడియారం దాని పక్కన పెట్టకండి. లోపలి స్ప్రింగుకి అయస్కాంతం పట్టి రోజుకి నిమిషాల కొద్దీ ముందుకి పరిగెత్తే ప్రమాదం ఉంది. సర్వీస్ సెంటర్లో నిమిషంలో తీసేస్తారు, కానీ అప్పటిదాకా కొత్త గడియారం పాడైందని బెంగ.

వజ్రంలో ఒక కేరట్ అంటే 0.2 గ్రాము. 1 కేరట్ దాటగానే ధర ఒక మెట్టు ఎక్కుతుంది. 0.9 రాయికీ 1.0 రాయికీ కంటికి తేడా తెలియదు. కోత బాగున్న 0.9 రాయి కోత బాగోలేని 1.0 రాయి కన్నా ఎక్కువ మెరుస్తుంది, అక్కడ పెట్టండి డబ్బు. వజ్రాల నాణ్యత తేల్చే జీఐఏ సంస్థ నివేదిక ఉన్న రాయైతే చాలాసార్లు నడుము అంచు మీద లేజర్‌తో నివేదిక నంబరు చెక్కి ఉంటుంది. పది రెట్ల భూతద్దం అడిగి మీరే చదువుకోండి. బంగారం 18 కేరట్లయితే (ఇక్కడ కేరట్ బరువు కాదు, స్వచ్ఛత) 750 ముద్ర ఉండాలి.

బిల్లు కట్టే ముందు నోరు తెరిచి అడగాల్సిన ప్రశ్న ఒకటే: "వెనక్కి తెస్తే డబ్బిస్తారా, వేరే వస్తువిస్తారా, క్రెడిట్ నోటిస్తారా?" మూడూ వేరు. సైజు సరిచేయించిన బట్టని, పేరు చెక్కించిన వస్తువుని సాధారణంగా తిరిగి తీసుకోరు. పన్ను వాపసు ఇచ్చే దేశానికి వెళ్లి కొంటుంటే ఆ కాగితం కొన్నప్పుడే పాస్‌పోర్టు చూపించి తీసుకోవాలి. కస్టమ్స్ వాళ్లు వస్తువు చూపించమంటారు, కాబట్టి పెట్టె చెక్ ఇన్ చేయకముందే ముద్ర వేయించుకోవాలి. ఇక సంచులు. భోజనమయ్యేదాకా షాపులోనే ఉంచుదామని చాలామంది అనుకుంటారు. రెస్టారెంటు పదకొండు దాకా తెరిచుంటుంది, షోరూము మాత్రం అంతకు చాలా ముందే షట్టర్ దించేస్తుంది. కాంప్లెక్సు కన్సియర్జ్ (వచ్చినవాళ్లకి సాయపడే కౌంటరు) దగ్గర పెట్టుకోండి, లేదా ఇంటికి పంపించమనండి.

రాత్రి భోజనానికి టేబుల్ రెండు విడతల్లో ఇస్తారు, ఆరింటికొకటి, ఎనిమిదిన్నరకొకటి. ఇద్దరికి గంటన్నర, నలుగురికి రెండు గంటలని లెక్క కట్టుకుంటారు. మొదటి విడతలో వంటగది తాజాగా ఉంటుంది గానీ వెనక ఇంకొకరు ఎదురుచూస్తుంటారు. తీరిగ్గా మాట్లాడుకోవాలంటే రెండోదే. పది పన్నెండు వంటకాల టేస్టింగ్ మెనూకి రెండున్నర మూడు గంటలు పడుతుంది, సాధారణంగా టేబుల్ మీద అందరూ అదే తీసుకోవాలి. అలర్జీ ఉంటే బుక్ చేసేటప్పుడే చెప్పాలి. సాసులకీ సూపులకీ ఆధారమైన స్టాకు (ఎముకలో కూరగాయలో మరిగించిన రసం) పొద్దున్నే కాచి పెట్టేస్తారు. టేబుల్ దగ్గర చెబితే వాళ్లు చేయగలిగింది ఆ వంటకం తీసేయడమే.

టేబుల్ ఎక్కడ వస్తుందన్నది కూడా భవనం బట్టే ఉంటుంది. వంటగది పొగ గొట్టాలు పై కప్పు దాకా ఎక్కాలి, జిడ్డు నీళ్ల తొట్లు కింద ఉండాలి. కాబట్టి రెస్టారెంట్లని ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఒకే గొట్టాల వరస చుట్టూ పెడతారు. ఆ వైపు గోడ పక్క టేబుల్‌కి గిన్నెల చప్పుడు, తలుపు ఊగినప్పుడల్లా వేడి గాలి. అది వద్దని ముందే చెప్పండి. ఆరుబయట టెర్రస్ అడిగేవాళ్లు ఇంకో సంగతి కనుక్కోవాలి: పైన కాపురాలున్నాయి కనక రాత్రి ఫలానా వేళకి సంగీతం ఆపేసి, బయటి టేబుళ్లు ఎత్తేసే నియమం చాలాచోట్ల ఉంటుంది. ఎనిమిదిన్నరకి కూర్చున్నవాళ్లని ఐస్‌క్రీం మధ్యలో లోపలికి లేపుతారు.

వైన్ సీసా 750 మిల్లీలీటర్లు, అంటే 150 చొప్పున అయిదు గ్లాసులు. ఇద్దరూ చెరో రెండు తాగేట్టయితే గ్లాసుల ధరనీ సీసా ధరనీ పక్కపక్కన పెట్టి చూడండి, సీసాయే నయమని తేలొచ్చు. సలహా చెప్పే సొమెలియే దగ్గర బడ్జెట్ పైకి అనడం మొహమాటమైతే, కార్డులో ఒక ధర మీద వేలు పెట్టి "ఇలాంటిది" అంటే చాలు, వాళ్లకి అర్థమైపోతుంది. ముందు కొంచెం పోసి ఇచ్చేది మీకు నచ్చిందో లేదో అడగడానికి కాదు, చెడిపోయిందేమో చూడమని. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే బిరడా వల్ల పాడైందని అర్థం, ఆ మాట చెప్పి మార్పించుకోవచ్చు. రెడ్ వైన్ వెచ్చగా ఇస్తే ఊరుకోకండి, దానికి 16 నుంచి 18 డిగ్రీలు తగును. మంచు బకెట్లో అయిదు నిమిషాలు పెట్టమంటే ఎవరూ తప్పు పట్టరు. మెనూలో ధర బదులు "మార్కెట్ ధర" అనో, "100 గ్రాములకి ఇంత" అనో ఉన్న చేపకీ మాంసానికీ బరువు చెప్పించుకుని ఆర్డరివ్వండి. ఆ తూకం పచ్చిదానిది, తలా ఎముకలూ అందులోనే ఉంటాయి. బిల్లులో సర్వీస్ చార్జి ఇప్పటికే వేశారేమో చూశాకే టిప్పు. పార్కింగ్ చార్జి తగ్గేందుకు టికెట్ మీద వేసే ముద్ర కూడా అప్పుడే వేయించుకోవాలి. షాపు ఇచ్చిన గంటలూ రెస్టారెంటు ఇచ్చిన గంటలూ కలవవు చాలాచోట్ల, ఎక్కువ ఇచ్చే చోట వేయించండి.

సెంటు మాట ఆఖరికి ఉంచడానికి కారణం ఉంది. భోజనానికి ముందు మణికట్టు మీద కొట్టించుకుంటే గ్లాసు ఎత్తిన ప్రతిసారీ ముక్కుకి తగిలేది అదే, వైన్ కాదు. మీకే కాదు, పక్క టేబుల్‌కీ. కౌంటర్లో కాగితపు పట్టీల మీద కొట్టించి, ఒక్కోదాని మీద పేరు రాయించి, విడివిడి కవర్లలో పెట్టించుకోండి. మొదటి పావుగంటలో వచ్చే ఘాటు ఎలాగూ ఎగిరిపోతుంది, మనతో ఉండేది దాని కిందిది. మర్నాడు పొద్దున కవర్లు తీసి వాసన చూడండి. ఏది ఇంకా బాగుందో దాన్ని ఒంటి మీద ఒక పూట ఉంచుకుని, అప్పుడు వెళ్లి కొనండి.