మోడల్ రైలు ఇంజన్‌లో ఒక్క ఫంక్షన్ అవుట్‌పుట్‌కి (లైట్లను ఆన్, ఆఫ్ చేసే వైరుకి) నాలుగైదు ఎల్‌ఈడీలు కలపాలంటే

తెల్ల ఎల్‌ఈడీ ఒకటి, ఎర్రది ఒకటి ప్యారలల్‌లో కలిపి, రెండింటికీ ఒకే రెసిస్టర్ వేసి చూడండి. ఎర్రది వెలుగుతుంది, తెల్లది వెలగదు. తెల్లది కాలిపోయిందనుకుని పీకేస్తుంటారు గానీ దానికేమీ కాలేదు. ఎర్రదానికి సుమారు 2 వోల్టులు చాలు, తెల్లదానికి 3 దాకా కావాలి. ఎర్రది వోల్టేజీని 2 దగ్గరే పట్టి ఉంచేస్తుంటే తెల్లదానికి అందేదెక్కడ? రెండూ తెల్లవే అయినా తేడా ఉంటుంది, ఒకటి ఎక్కువ కరెంటు లాక్కుంటుంది. అందుకే ప్యారలల్‌లో ఎన్ని ఎల్‌ఈడీలుంటే అన్ని రెసిస్టర్లు వేయాల్సిందే.

డీసీసీ అంటే పట్టాల ద్వారానే మోడల్ ఇంజన్లకి డిజిటల్ ఆదేశాలు పంపే పద్ధతి, ఆ ఆదేశాలు అందుకునే ఇంజన్‌లోని చిన్న బోర్డే డీకోడర్. ఈ డీకోడర్లలో నీలం వైరు అన్ని లైట్లకూ ఉమ్మడి పాజిటివ్. ఎల్‌ఈడీ పొడవు కాలు అటు వెళ్లాలి. పొట్టి కాలు రెసిస్టర్ మీదుగా ఫంక్షన్ వైరుకి: తెలుపు ముందు హెడ్‌లైటు, పసుపు వెనకది, ఆకుపచ్చ, ఊదా అదనపు ఫంక్షన్లు.

నీలానికీ ఫంక్షన్ వైరుకీ మధ్య 12 వోల్టులున్నాయనుకుందాం. తెల్లదానికి 3 పోగా రెసిస్టర్ మీద మిగిలేది 9. 1 కిలో ఓం వేస్తే 9 మిల్లీ ఆంపియర్లు, హెడ్‌లైటుకి ధారాళంగా సరిపోతుంది. క్యాబ్ లైటుకి 4.7 కిలో ఓం, మార్కర్ లైట్లకి (ఇంజన్ చివర్ల ఉండే చిన్న గుర్తు దీపాలకి) 10 కిలో ఓం వేయండి. కళ్లు చెదిరే మార్కర్ లైటు ఇంజన్ అందాన్నే చెడగొడుతుంది. 1 కిలో ఓం రెసిస్టర్‌లో 81 మిల్లీవాట్లు వేడిగా మారుతుంది కాబట్టి పావు వాటుదైతే నిశ్చింత.

తెల్లవి మూడు సిరీస్‌లో వేస్తే ఒక్క రెసిస్టర్ చాలు, కరెంటూ ఆదా. కానీ రెసిస్టర్‌కి మిగిలేది 3 వోల్టులే. 1 కిలో ఓంతో 3 మిల్లీ ఆంపియర్లు వస్తాయి. సరఫరా ఒక్క వోల్టు పడిపోతే అది 2కి దిగి, వెలుతురు కళ్లముందే తగ్గిపోతుంది. అదే ప్యారలల్‌లో అయితే 9 కాస్తా 8 అవుతుంది, తేడా కనబడదు. నాలుగు తెల్లవి సిరీస్‌లో వేస్తే అసలు వెలగకపోవచ్చు.

చాలా డీకోడర్లలో ఒక్కో అవుట్‌పుట్ 100 మిల్లీ ఆంపియర్ల దాకా తట్టుకుంటుంది, మీ బోర్డు కాగితంలో చూసుకోండి. 4.7 కిలో ఓం చొప్పున ఎనిమిది తెల్ల ఎల్‌ఈడీలు ప్యారలల్‌లో వేసినా 16 మించదు. అదే కాగితంలో లాజిక్ లెవెల్ (సిగ్నల్ ఇవ్వడానికే తప్ప లైట్లు నడపడానికి సరిపోనివి) అని రాసున్న అవుట్‌పుట్‌లకి మాత్రం ఎల్‌ఈడీలు నేరుగా కలపకండి, మధ్యలో ట్రాన్సిస్టర్ కావాలి.

టంకం వేసిన ప్రతి అతుకు మీదా హీట్ ష్రింక్ గొట్టం (వేడి చేస్తే ముడుచుకుని బిగుసుకునే ప్లాస్టిక్ గొట్టం) తొడగండి. చాలా ఇంజన్లలో లోహపు చట్రం ఒక పట్టాకి కలిసే ఉంటుంది. నీలం వైరు దానికి తగిలితే డీకోడరే పోతుంది. పై తొడుగు బిగించే ముందు మీటర్‌తో నీలానికీ చట్రానికీ మధ్య కంటిన్యుటీ (రెండూ కలిసి ఉన్నాయా అని) చూడండి. బీప్ వస్తే పట్టాల మీద పెట్టొద్దు.