రంగు వేయకముందు 12 రోజులు: నా కారుకు బాడీ కిట్ బిగించిన అనుభవం

నా టయోటా 86కి బాడీ కిట్ వేయాలన్న కోరిక రెండేళ్ల నాటిది. ఇంజిన్ జోలికి వెళ్లాలని ఎప్పుడూ అనుకోలేదు. ఆ 2 లీటర్ల బాక్సర్ ఇంజిన్ ఎలా ఉందో అలాగే నాకు ఇష్టం. ముందు నుంచి చూస్తే మాత్రం కారు ఇంకాస్త వెడల్పుగా, నేలకు దగ్గరగా కనిపించాలని ఉండేది. చివరికి ముందు బంపర్, రెండు సైడ్ స్కర్టులు (తలుపుల కింద పొడవునా బిగించే పట్టీలు), వెనక డిఫ్యూజర్ (వెనక బంపర్ అడుగున బిగించే ముక్క) ఉన్న కిట్ తెప్పించాను. బిగించే పని తమ్ముడూ నేనూ చేసుకున్నాం, పెయింట్ ఒక్కటి పెయింటర్‌కి అప్పగించాం. మొత్తం 18 రోజులు పట్టింది. అందులో 12 రోజులు రంగు డబ్బా మూత తీయకముందే గడిచాయి. ఆ 12 రోజుల గురించే ఎక్కువగా చెప్పాలని ఉంది.

కిట్ ఎంచుకునేటప్పుడు నేను బాగా ఆలోచించింది అది దేనితో చేశారన్న దాని గురించి. పాలియురెథేన్ బంపర్ చిన్న దెబ్బ తగిలితే వంగుతుంది, పగలదు. కాకపోతే బరువెక్కువ. ఫైబర్‌గ్లాస్ తేలిక, పగిలినా అతికించుకోవచ్చు. కానీ దాన్ని అచ్చులో చేత్తో పొర మీద పొర పరిచి చేస్తారు కాబట్టి ఏ రెండు బంపర్లూ అచ్చం ఒకేలా రావు. నాకు నచ్చిన డిజైన్ ఫైబర్‌గ్లాస్‌లోనే దొరికింది. స్కర్టులు, డిఫ్యూజర్ ఏబీఎస్ ప్లాస్టిక్. మా దగ్గర ఇలాంటి మార్పులకు అనుమతి ఉందో లేదో, ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పాలో లేదో ఆర్డర్ పెట్టకముందే కనుక్కున్నాను.

పెట్టె విప్పిన రోజు పనేమీ మొదలుపెట్టలేదు. ప్రతి ముక్కనూ దుప్పటి మీద పరిచి, టార్చ్ ఏటవాలుగా పట్టి పగుళ్లు వెతికాం, ఫొటోలు తీసుకున్నాం. ఒకసారి ఎమెరీ పేపర్ పడ్డ ముక్కను సాధారణంగా ఎవరూ వెనక్కి తీసుకోరు. రవాణాలో దెబ్బలేమీ తగల్లేదు.

పాత బంపర్ తీయడం అనుకున్నంత కష్టం కాలేదు. బానెట్ కింద పైఅంచు క్లిప్పులు, చక్రాల గూళ్లలో స్క్రూలు, అడుగున ఉన్న క్లిప్పులు తీసి, ఫెండర్ల (ముందు చక్రాల పైనున్న రేకుల) దగ్గర పక్కకు లాగితే ఊడి వచ్చింది. ఫాగ్ లైట్ల కనెక్టర్లు ముందే తీసేశాం. ఏ క్లిప్పు ఎక్కడిదో రాసి విడివిడి కవర్లలో వేసింది తమ్ముడే. రెండు వారాల తర్వాత ఆ కవర్లు మమ్మల్ని ఎంత కాపాడాయో చెప్పలేను.

కొత్త బంపర్‌ను మొదటిసారి పెట్టి చూసినప్పుడు నా గుండె జారిపోయింది. కుడి హెడ్‌లైట్ పక్కన గ్యాప్ 3 మి.మీ., ఎడమ పక్కన 9. అసలు ఎడమ వైపు బంపర్ పూర్తిగా లోపలికి కూర్చోవడమే లేదు. టార్చ్ వేసి చూస్తే లోపల ఫోమ్‌కు తగులుతోంది.

"అన్నా, ఆ ఫోమ్ కాస్త కోసేస్తే సరిపోతుంది కదా?" అన్నాడు తమ్ముడు.

కోసేస్తే ఐదు నిమిషాల్లో అయిపోయేది. చాలామంది కోసేస్తారు కూడా. కానీ ఆ ఫోమ్ అలంకారానికి పెట్టింది కాదు. చిన్న దెబ్బలను అది మింగుతుంది, దాని వెనకున్న బీమ్ పెద్ద దెబ్బను రెండు పక్కల ఛాసిస్‌కు పంచుతుంది. రోడ్డు దాటే మనిషికి కారు తగిలినా మొదట నలగాల్సింది ఆ ఫోమే. చూడ్డానికి బాగుండాలని పెట్టుకున్న ముక్క కోసం ప్రాణం కాపాడే ముక్కను కోయడం నాకు ఏ విధంగానూ సరిగ్గా అనిపించలేదు. మారాల్సింది బంపరే అని ఆ సాయంత్రమే తేల్చుకున్నాం.

మర్నాడు బంపర్‌ను తిరగేసి చూస్తే అసలు కారణం దొరికింది. లోపలి వైపు ఒకచోట రెసిన్, అంటే గాజు నారను పట్టి ఉంచే జిగురు, గడ్డకట్టి బొడిపెలా ఉంది. పై పొరకు తగలకుండా దాన్ని అరగదీశాం. ఈ దుమ్ము మాత్రం మామూలు దుమ్ము కాదు. గాజు నార చర్మంలో గుచ్చుకుంటుంది, ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. నిండు చేతుల చొక్కా, గ్లవ్స్, కళ్లద్దాలు, దుమ్ముకూ ఆవిరికీ రెండింటికీ పనికొచ్చే ఫిల్టర్ల మాస్క్, ఇవన్నీ వేసుకుని ఆరుబయట చేశాం. బొడిపె పోయాక బంపర్ ఫోమ్‌కు తగలకుండా కూర్చుంది. గ్యాప్ 9 నుంచి 7కి వచ్చింది. బ్రాకెట్ రంధ్రాలను కాస్త కోలగా సాగదీసి బంపర్‌ను పక్కకు జరిపితే ఎడమ 6, కుడి 4.

మిగిలిన తేడాను అంచు పెంచి సరిచేయాల్సి వచ్చింది. 80 నంబర్ పేపర్‌తో అంచును ఏటవాలుగా రుద్ది, లోపలి నార కనిపించాక సన్నని ఫైబర్‌గ్లాస్ పట్టీలు లోపలా బయటా రెసిన్‌తో అతికించాం. గట్టిపడ్డాక కొంచెం రుద్దడం, కారు మీద పెట్టి చూడడం, తీసి మళ్లీ రుద్దడం. హెడ్‌లైట్లకు, ఫెండర్లకు ముందే మాస్కింగ్ టేప్ అంటించాం కాబట్టి గీతలు పడలేదు. బంపర్‌ను ఎన్నిసార్లు ఎక్కించి దించామో లెక్కపెట్టలేదు. ఐదో రోజుకు రెండు పక్కలా 4 మి.మీ. వచ్చింది. ప్రైమర్ (రంగు కింద వేసే పూత), రంగు, క్లియర్ కోట్ (రంగు మీద వేసే పారదర్శక పూత) అన్నీ కలిసి కాస్త మందం ఇస్తాయి కాబట్టి అంతకంటే బిగువుగా చేయలేదు. ఆ రాత్రి గ్యారేజ్‌లో లైటు వేసుకుని చాలాసేపు ఆ రెండు గీతలనే చూస్తూ కూర్చున్నాను.

రుద్దడానికి ముందు ఒక పని తప్పకుండా చేయాలి. అచ్చు నుంచి సులువుగా ఊడిరావాలని రాసిన మైనం బంపర్ మీద ఉండిపోతుంది. దాన్ని సబ్బు నీళ్లతో, తర్వాత గ్రీజు తీసే ద్రావణంతో కడగకుండా ఎమెరీ పెడితే మైనం గీతల్లోకి దిగిపోతుంది, తర్వాత రంగు అక్కడక్కడా పట్టకుండా గుంటలు పడుతుంది. పని మొదలుపెట్టిన రోజే రెండుసార్లు కడిగాం. రుద్దాక బయటపడ్డ సూదిమొన రంధ్రాలను పుట్టీతో పూడ్చాం.

పెయింట్ నేను చేయకపోవడానికి కారణం హార్డెనర్, అంటే పూత గట్టిపడడానికి కలిపే ద్రవం. టూ-కే (రెండు భాగాలు కలిపి వాడే) ప్రైమర్, క్లియర్ కోట్‌లలో కలిపే హార్డెనర్‌లో ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి, అవి ఉబ్బసం తెచ్చిపెట్టగలవు. వాటికి బయటి నుంచి గాలి అందే మాస్క్, రంగు వేసే బూత్ ఉన్నవాళ్లే చేయాలి. డోర్ పిల్లర్ మీద స్టిక్కర్‌లో కలర్ కోడ్ ఉంది కదా, అదొక్కటి చెబితే చాలనుకున్నాను. "కోడ్ కారు పుట్టినప్పటిదండీ, ఇన్నేళ్ల ఎండ దానికి తెలియదు" అన్నారు పెయింటర్ గారు. ఫెండర్‌ను ఒకచోట పాలిష్ చేసి అసలు రంగు బయటపెట్టి, చిన్న కార్డుల మీద మూడు రకాలుగా స్ప్రే చేసి, పగటి వెలుతురులో పోల్చి ఎంచారు. ప్రైమర్ అయ్యాక ఇంకోసారి కారుకు పెట్టి చూసుకోమని బంపర్‌ను వెనక్కి పంపింది కూడా ఆయనే.

స్కర్టులకు పెద్దగా శ్రమ పడలేదు. జాకీ పెట్టే చోటు, సిల్ (తలుపుల కింది బాడీ అంచు) అడుగున నీళ్లు కారే రంధ్రాలు మూసుకుపోకుండా చూసుకున్నాం. కింద స్క్రూలకు రంధ్రాలు చేసిన చోట బయటపడ్డ ఇనుముకు వెంటనే ప్రైమర్ రాశాం, లేకపోతే తుప్పు అక్కడే మొదలవుతుంది. పైఅంచుకు వీహెచ్‌బీ అనే చాలా గట్టిగా అంటుకునే డబుల్ సైడ్ టేప్. అది అంటించగానే పూర్తి బలానికి రాదు, గది వేడిలో 72 గంటలు పడుతుంది. ఆ మూడు రోజులూ కారు కదపలేదు, కడగలేదు. డిఫ్యూజర్ అరపూటలో అయిపోయింది.

రంగు వేసిన బంపర్ బిగించేటప్పుడు అన్ని స్క్రూలనూ ముందు వదులుగా పెట్టి, మధ్య నుంచి అంచులకు వెళ్తూ చేత్తోనే బిగించాం. ప్రతిదాని కింద వెడల్పాటి వాషర్, దాని కింద రబ్బరు. ఫైబర్‌గ్లాస్‌ను ఒకచోట గట్టిగా నొక్కితే స్క్రూ చుట్టూ నక్షత్రంలా పగులుతుంది.

మొదటిసారి బయటికి తీసినప్పుడు స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి టైర్లు ఎక్కడా తగలడం లేదని చూసుకున్నాం. గాలి దారి మారింది కదా అని అరగంట పాటు నా కళ్లు టెంపరేచర్ మీటర్ మీదే ఉన్నాయి. ముల్లు ఎప్పటి చోటే నిలబడింది. బంపర్ అడుగు అంచు ఇప్పుడు నేలకు 9 సెం.మీ. ఎత్తులో ఉంది, మునుపటికంటే 4 సెం.మీ. తక్కువ. ర్యాంపులు ఏటవాలుగా ఎక్కడం అలవాటు చేసుకుంటున్నాను. 100 కిలోమీటర్లు తిరిగాక కింద నుంచి చూస్తే ఎడమ చక్రం గూట్లో రెండు స్క్రూలు వదులయ్యాయి. వాటిని బిగించి, ఇంకో 500 కిలోమీటర్లకు మళ్లీ చూశాం. ఒక్కటీ కదల్లేదు, గ్యాప్ రెండు పక్కలా 4 మి.మీ. దగ్గరే ఉంది.