అన్నాచెల్లెళ్ల గట్టు దాకా నడిచే వెళ్లాం

నరసాపురం రేవులో, బండ్లనూ జనాన్నీ నది దాటించే పంటు కదిలాక అందరం వశిష్ఠ గోదావరిని చూస్తుంటే, మా బావమరిది మాత్రం తన కొత్త బండి టైర్ల చుట్టూ తిరుగుతున్నాడు. "బావా, ఇది ఫోర్ వీల్ డ్రైవ్. అంతర్వేదిలో నీళ్ల అంచు దాకా తీసుకెళ్తాను, చూస్తూ ఉండు" అన్నాడు. నేను నవ్వి ఊరుకున్నాను. పంటు మీద వాదన పెట్టుకుంటే దిగి పోవడానికి చోటుండదు.

పంటు దాటడం ఇష్టం లేనివాళ్లు చించినాడ వంతెన మీదుగా రాజోలు వైపు నుంచి రావచ్చు. కానీ గోదావరి వెడల్పు ఎంతో ఒంటికి తెలియాలంటే సఖినేటిపల్లికి పంటు మీదే వెళ్లాలి. ధవళేశ్వరం దిగువన గౌతమి, వశిష్ఠ అని చీలిన గోదావరి, మళ్లీ వశిష్ఠ నుంచి వైనతేయగా ఇంకో పాయ తీస్తుంది. వైనతేయ ఓడలరేవు దగ్గర సముద్రంలో కలిస్తే, వశిష్ఠ వచ్చి కలిసేది అంతర్వేదిలో. ఆ కలిసే చోటే అన్నాచెల్లెళ్ల గట్టు.

మాఘమాసపు తీర్థం అయిపోయాక, సెలవు కాని రోజు చూసుకుని వెళ్లాం. భీష్మ ఏకాదశి కల్యాణానికీ పౌర్ణమి సముద్ర స్నానానికీ వచ్చే జనంలో స్వామి కనిపిస్తాడేమో గానీ సముద్రం కనిపించదు. నరసింహస్వామి దర్శనం చేసుకుని, కాలకృత్యాల వంటివన్నీ ఊళ్లోనే ముగించుకుని తీరానికి బయలుదేరాం. పిల్లలూ ఆడవాళ్లూ వెంట ఉన్నప్పుడు ఈ చిన్న జాగ్రత్త చాలా ఇబ్బందిని తప్పిస్తుంది.

పల్లిపాలెం దాటాక ఇసుకలో అప్పటికే చక్రాల చాళ్లు ఉన్నాయి. మా వాడి ముఖం వెలిగింది. అక్కడే వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన తల ఎత్తకుండానే, "బండి ఇక్కడే పెట్టండి బాబూ, ఆ మిట్ట మీదకు ఎక్కించకండి. తాబేళ్లు గుడ్లు పెట్టే రోజులు" అన్నాడు. మా వాడు ఏదో అనబోయాడు గానీ ఆయన వల మీది చూపు తిప్పలేదు. బండి అక్కడే ఆగింది.

తీరం శుభ్రత అనగానే మనకు ప్లాస్టిక్ ఒక్కటే గుర్తొస్తుంది. నాకైతే చక్రాలూ లైట్లూ అంతకన్నా పెద్ద బెడద అనిపిస్తుంది. కవర్లను ఏరవచ్చు, తొక్కిన గూడును ఏం చేయగలం? జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిళ్లు ఒడ్డుకొచ్చి, ఇసుకలో గొయ్యి తీసి, నూరు దాకా గుడ్లు పెట్టి, పూడ్చి వెళ్లిపోతాయి. గాలికి జాడ చెరిగిపోతే పైన గుర్తు అంటూ ఏమీ మిగలదు. సుమారు 45 నుంచి 60 రోజులకు పిల్లలు బయటికొస్తాయి. పగిలే అల మీది మెరుపును చూసి అవి సముద్రం వైపు పాకుతాయి. గట్టు మీద కారు లైటో, నెగడో వెలుగుతుంటే దారి తప్పి అటే వస్తాయి. చక్రం చాలు మనకు జానెడు లోతు, వేలెడంత పిల్లకు అది ఎక్కలేని కాలువ. చాలా చోట్ల అటవీ శాఖ వాళ్లు గుడ్లు సేకరించి హేచరీల్లో పొదిగిస్తారు. అయినా తీరమంతా వాళ్లు కాపలా కాయలేరు.

మిట్టల మీద ముళ్ల బంతుల్లా దొర్లే రావణాసురుడి మీసాల గడ్డి, ఊదారంగు పూల బాలబంది తీగ పిల్లలకు బాగా నచ్చాయి. పీకవద్దని చెప్పాం. గాలికి ఎగిరే ఇసుకను పట్టి నిలిపేవి ఇవే. ఎగువన ఆనకట్టలు ఒండ్రును ఆపేయడంతో డెల్టా అంచుకు నది తెచ్చే మట్టి తగ్గింది, సముద్రం కోసుకుపోతోంది. ఉన్న ఇసుకనైనా తొక్కి చెదరగొట్టకుండా అలల తడి తాకే గట్టి నేల మీదే నడిచాం. ఎర్ర పీతలు మా అలికిడికి బొరియల్లోకి దూరాయి. ఒక చోట నెత్తళ్లు అనే చిన్న చేపలు ఎండబెట్టి ఉంటే చుట్టూ తిరిగి వెళ్లాం. మనకు షికారు చోటు, జాలర్లకు వాకిలి.

తీర్థం ఆనవాళ్లు మాత్రం ఇంకా ఉన్నాయి. షాంపూ పొట్లాలు, కర్పూరం కవర్లు, అన్నిటికన్నా ఎక్కువగా స్నానం చేసి విడిచిన బట్టలు. పాపాన్ని బట్టతో పాటు వదిలేశామని మనం అనుకుంటాం, అది వెళ్లి ఎవరి వలలోనో చిక్కుకుంటుంది. మా పులిహోర, పెరుగన్నం స్టీలు క్యారియర్లలో, మజ్జిగ క్యానులో తెచ్చుకున్నాం కాబట్టి మేం పోగుచేసిన చెత్తలో మాది అరటి తొక్కలే.

స్నానం దగ్గర మా ఆవిడ కఠినంగా ఉంది. నదీముఖంలో మోకాలి లోతు దాటనివ్వలేదు. పాటు వేళ, అంటే సముద్రం వెనక్కి తగ్గేటప్పుడు, గోదావరి నీరూ సముద్రపు నీరూ కలిసి బయటికి లాగుతాయి, కాలి కింద ఇసుక కూడా జారిపోతుంది. ఈతగాళ్లకు కూడా అది చోటు కాదు.

తిరిగి వచ్చేటప్పుడు ఒక చచ్చిన తాబేలు కనిపించింది. వలలో చిక్కిన తాబేలు పైకొచ్చి ఊపిరి తీసుకోలేక నీళ్లలోనే చనిపోతుంది. మర పడవల వలల్లో అది తప్పించుకునే దారి అమర్చే పరికరం ఉంది, అందరూ వాడితే కదా. మన తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు. చేపల సంతానం కోసం పెట్టిన గడువు అది. అప్పటికి తల్లి తాబేళ్ల రాక దాదాపు అయిపోతుంది. నిషేధాన్ని కొన్ని వారాలు ముందే మొదలుపెట్టమనడం ఎంత తేలికో, అన్ని వారాలూ పొయ్యి మీద ఏం పెట్టాలో చెప్పడం అంత కష్టం. ఆ మాటే పెద్దాయనను అడిగితే, "మాది చిన్న పడవ బాబూ, వాళ్లనడగండి" అని సముద్రం వైపు చూపించాడు.

వెళ్లబోతూ మా బావమరిది బేరమాడకుండా ఆ పెద్దాయన ఇంటి ఆడవాళ్ల దగ్గర ఎండు నెత్తళ్లు కొన్నాడు, అదీ సంచి నిండా. పోగుచేసిన చెత్త మూట డిక్కీలో, నెత్తళ్లు వెనక సీటు కింద. పంటు సగం దాటేసరికి పిల్లలు ముక్కులు మూసుకుని బండి దిగిపోయారు. అద్దాలన్నీ దించి కూర్చున్న మా వాడు, కొత్త సీట్లకు ఈ వాసన ఎన్నాళ్లు ఉంటుందని పంటు సరంగును అడుగుతున్నాడు.